ఐర్లాండ్ నుంచి బావకో ఉత్తరం

ఒరే బావా,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఇక్కడ ఈ వారమంతా ఒకటే ముసురు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ ‘కెల్టిక్ వృక్ష జాతకం’ చూశాను. పుట్టిన తేదీని బట్టి నీది రోవన్ చెట్టట, మీ ఆవిడది ఓక్ అట. ఇది నిజమేనా అని అడిగావు. ఆ పదమూడు నెలల చెట్ల క్యాలెండర్ ఈ ప్రాంతాల పాత జనమైన ప్రాచీన కెల్టులది కాదురా. 20వ శతాబ్దంలో ఒక ఇంగ్లిష్ కవి ఓఘమ్ అనే పాత ఐరిష్ లిపి అక్షరాలను ఆధారం చేసుకుని అల్లినది. రాతి అంచుల మీద గీతలుగా చెక్కిన ఓఘమ్ శాసనాలు ఈ దేశంలో వందల్లో ఉన్నాయి. ఆ లిపిలో కొన్ని అక్షరాలకి చెట్ల పేర్లున్న మాటా నిజమే. జాతకం మాత్రం ఆ కవి చలవ. దీని గురించి ఇంకేం చెప్పను గానీ, అసలు చెట్ల సంగతి మాత్రం నీకు చెప్పి తీరాలి. ఇక్కడికొచ్చాక నన్ను ఇంతగా పట్టుకున్న విషయం ఇంకోటి లేదు.

పాత ఐరిష్ తెగల్లో ఒక్కో తెగకి ఒక్కో చెట్టుండేది. కొత్త రాజుకి పట్టం కట్టేది దాని దగ్గరే. అలాంటి చెట్టుని ‘బిలె’ అనేవారు. క్లేర్ కౌంటీలో క్విన్ అనే ఊరి దగ్గర మాయ్ అడర్ అని ఒక మట్టి దిబ్బ ఉంది. దాల్ గాష్ తెగ రాజులకి పట్టాభిషేకం జరిగిన చోటు అది. 982లో ఆ తెగ నాయకుడు బ్రయాన్ బోరు. మీథ్ నుంచి మాల్ షెఖ్‌నల్ అనే రాజు దండెత్తి వచ్చి ఆ చెట్టుని నరికించాడు. ఊరికే నరికించి పోలేదు బావా. వేళ్లతో సహా భూమిలోంచి తవ్వి తీయించాడని సన్యాసులు రాసిన వార్షిక చరిత్రలో ఉంది. కోటని కూల్చడం కన్నా ఇది పెద్ద దెబ్బ అని అతనికి తెలుసు. వేరు మిగిలితే మళ్లీ చిగురేస్తుందని కూడా తెలుసు. ఆ వాక్యం చదివాక నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. తర్వాత ఇరవై ఏళ్లకి, 1002లో, అదే మాల్ షెఖ్‌నల్ ఐర్లాండ్ ఆధిపత్యాన్ని బ్రయాన్ బోరుకి వదులుకోవాల్సి వచ్చింది. అక్కడ మళ్లీ చెట్టు లేచింది. 1051లో పడమటి ప్రాంతమైన కొనాఖ్ట్ నుంచి వచ్చిన ఇంకో రాజు దాన్నీ పడగొట్టాడు.

1111లో ఇంకో గొడవ. ఉలద్ అనే తెగ సేన, ఉత్తరాన ఇంకో తెగ రాజులకి పట్టం కట్టే చోటైన టలహోగ్ మీదికి వెళ్లి అక్కడి చెట్లు నరికేసింది. అందుకు పగగా టలహోగ్ వైపు నాయకుడు నీల్ ఓ లాఖ్లన్ ఉలద్ వాళ్ల ఆవుల్ని తోలుకుపోయాడు. వెయ్యి అని గానీ మూడు వేలు అని గానీ రాశారు, ఏది సరో తేల్చకుండా రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టేశారు. చెట్ల బాకీని ఆవులతో తీర్చుకోవడం చూశావా? వాళ్ల పాత చట్టాలు కూడా అదే దారి. ఓక్, హేజెల్, హోలీ, యూ, యాష్, పైన్, అడవి ఆపిల్, ఈ ఏడూ అడవిలో దొరలతో సమానం. వీటిని నరికితే జరిమానా పశువుల్లో కట్టాలి. కొమ్మ కొడితే ఒక రేటు, మొదలంటా కొట్టేస్తే అంతకన్నా పెద్ద రేటు.

చెట్ల నుంచి వాళ్ల పండుగ మంటల దగ్గరికి వస్తే, అక్కడా ఆవులే. మే 1న బెల్టేన్ పండుగ. కాషెల్‌ని ఏలిన రాజు, బిషప్ కూడా అయిన కోర్మక్ పేరు మీద ఒక పాత పదకోశం ఉంది, సుమారు 900 నాటిది. డ్రూయిడ్లు, అంటే వాళ్ల పాత పూజారులు, మంత్రాలు చదువుతూ రెండు పెద్ద మంటలు వేసేవారనీ, రోగాలు రాకుండా ఏటేటా పశువుల్ని వాటి నడుమ నుంచి తోలేవారనీ అందులో ఉంది. ఆ రోజుల్లోనే మందలు ఎండాకాలపు మేతకి కొండల మీదికి ఎక్కేవి. అంటే ఊరి సంపదంతా ఇల్లు దాటి బయటికి పోయే సమయం. మంద తోలే మనిషికి ఆ రోజు ఎంత గుబులుగా ఉండేదో ఊహించుకో. ఆవు పోతే పాలు లేవు, వెన్న లేదు, జరిమానా కట్టే దారి కూడా లేదు.

స్కాట్లండ్ దీవుల్లో దీనికి మరో రూపం ఉండేది. మార్టిన్ మార్టిన్ అనే ఆయన 1703లో అచ్చైన తన పుస్తకంలో వివరంగా రాశాడు. పశువులకో మనుషులకో మహమ్మారి వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో ఇంటింటా పొయ్యి ఆర్పేయాలి. పెళ్లయిన మగవాళ్లు 81 మంది కావాలి. రెండు పెద్ద చెక్కల్ని తొమ్మిదిమంది చొప్పున వంతులవారీగా రాపాడించాలి, ఇంచుమించు మన యజ్ఞాల్లో అరణి మథించినట్టే. నిప్పు పుట్టాక ప్రతి ఇంటికీ దాన్నే తీసుకెళ్లి కొత్త పొయ్యి వెలిగించాలి. ఆ నిప్పు మీద నీళ్లు కాచి రోగం సోకినవాళ్ల మీదా పశువుల మీదా చల్లేవారు. ఆ 81 మంది లెక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఊళ్లో ఏ ఇల్లూ తప్పించుకోలేని లెక్క అది. భుజాలు నొప్పెట్టేదాకా తలా కాసేపు రాపాడించిన నిప్పు కాబట్టే అది అందరిదీ అయింది.

కిల్డేర్‌లో ఇంకో నిప్పుంది. ఎప్పుడో పాతకాలంలో బ్రిజిడ్ అనే క్రైస్తవ సాధ్వి అక్కడ ఓక్ చెట్టు కింద తన మఠం కట్టుకుందని అంటారు. 1185లో ఐర్లాండ్ వచ్చిన గిరాల్డస్ అనే మతాధికారి, అక్కడ పందొమ్మిదిమంది సన్యాసినులు రోజుకొకరు చొప్పున నిప్పు కాస్తారనీ, ఇరవయ్యో రాత్రి బ్రిజిడ్ స్వయంగా కాస్తుందనీ రాసుకున్నాడు. ఎన్ని ఏళ్లు కట్టెలు కాలినా బూడిద పెరగలేదట, చుట్టూ ఉన్న దడి మగవాళ్లు దాటకూడదట. ఇప్పుడు అక్కడి చర్చి పక్కన మిగిలింది మోకాలెత్తు రాతి పునాది ఒక్కటే. లోపల గడ్డి, మూలన గాలికి కొట్టుకొచ్చిన ఎండుటాకులు. బ్రిజిడిన్ సన్యాసినులు 1993లో ఆ నిప్పుని మళ్లీ వెలిగించారు. 2006 నుంచి ఊరి కూడలిలో కూడా ఒక జ్యోతి వెలుగుతోంది.

చెట్టు మీద భయభక్తులు ఇప్పటికీ పోలేదు. పొలం మధ్య ఒంటరిగా హాథార్న్ అనే ముళ్ల చెట్టు ఉంటే చాలామంది రైతులు దాని చుట్టూ దున్నుకుంటారే తప్ప ముట్టుకోరు. 1999లో క్లేర్ కౌంటీలోనే లటూన్ దగ్గర కొత్త రోడ్డు పని ఒక హాథార్న్ దాకా వచ్చింది. కెర్రీ ప్రాంతపు అదృశ్యజనం, అంటే కంటికి కనబడని దేవతల్లాంటి వాళ్లు, కొనాఖ్ట్ అదృశ్యజనంతో యుద్ధానికి పోతూ అక్కడ కలుసుకుంటారని నమ్మకం. కథలు చెప్పే ఎడ్డీ లెనిహాన్ దాన్ని కాపాడాలని గట్టిగా పోరాడితే చెట్టుని వదిలేసేలా రోడ్డు నమూనా సర్దారు. 2002లో ఎవడో రంపంతో కొమ్మలన్నీ కోసేశాడు. మళ్లీ చిగిర్చింది.

నాకు దిగులుగా ఉన్నది యాష్ చెట్టు గురించి. వాళ్ల ఐదు మహావృక్షాల కథలో ఒకటి ఓక్, ఒకటి యూ, మిగతా మూడూ యాష్‌లే. ఐర్లాండ్ నడిబొడ్డు అని చెప్పే ఉష్నహ్ కొండ మీద ఉండేదని చెప్పేదీ యాషే. 2012లో ఇక్కడ బయటపడ్డ ఒక శిలీంధ్రం ఇప్పుడు దేశమంతా యాష్‌లని చంపేస్తోంది. మా రోడ్డు పక్క వరసలో పైకొమ్మలు ఎండి, బోసిగా కనిపిస్తున్నాయి. వాళ్ల హర్లింగ్ ఆటలో బంతి కొట్టే కర్రలు కూడా ఈ చెక్కతోనే చేస్తారు, ఇప్పుడు చెక్క కోసం బయటి దేశాల వైపు చూస్తున్నారు.

ఉష్నహ్ కొండ మీద మే మొదట్లో బెల్టేన్ మంటని 2009 నుంచి మళ్లీ వేస్తున్నారు. నువ్వు వేసవికి వస్తానన్నావు కదా, ఏప్రిల్ చివర్లోనే రా. మంచి బూట్లు తెచ్చుకో, కొండంతా బురద. ముందు క్లేర్ వెళ్లి మాయ్ అడర్ దిబ్బ చూసి, అటునుంచి అటే వచ్చేద్దాం. టికెట్టు ఎప్పటికి బుక్ చేస్తున్నావో చెప్పు, నేను సెలవు పెట్టుకోవాలి.

నీ బావ