స్టేట్1, స్టేట్2 అని పేర్లు పెట్టుకుంటూ పోతే

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మీద వచ్చిన వ్యాసం చదివానండి. బానే ఉంది గానీ అసలు చిక్కున్న చోటే దాటేశారు. వేరియబుల్‌కి ఒకసారి విలువ ఇచ్చాక మార్చకూడదన్నారు, సరే, మరి వరసగా ఐదారు మార్పులు చెయ్యాలంటే ఎలా అంటే మోనాడ్ (ఒక స్టెప్పు ఫలితాన్ని తర్వాతి స్టెప్పుకి అందించే పద్ధతి) వాడాలి అని ఒక్క లైన్లో తేల్చేశారు.

కొత్తవాళ్లు నిజంగా చేసేది ఏంటంటే స్టేట్‌కి, అంటే ప్రోగ్రామ్ దగ్గర ఆ సమయానికున్న సమాచారానికి, మార్పు జరిగిన ప్రతిసారీ స్టేట్1, స్టేట్2, స్టేట్3 అని పేర్లు పెట్టుకుంటూ పోతారు, ఎర్లాంగ్ అనే ఫంక్షనల్ భాష కోడ్‌లో ఇది బాగా కనిపిస్తది. రాసిన రోజు బానే నడుస్తది. తర్వాత ఎవరో మధ్యలో కొత్త స్టెప్పు ఇరికిస్తారు, కింద నంబర్లన్నీ మార్చాలి, ఒకచోట మర్చిపోయి స్టేట్3 బదులు స్టేట్2 పంపుతారు, ఆ మధ్యలో జరిగిన మార్పు కాస్తా గల్లంతు. రెండిటి టైపూ ఒకటే కాబట్టి కంపైలర్ ఆపదు, మహా అయితే వాడని వేరియబుల్ ఉందని వార్నింగ్ ఇస్తది, అవి ఎవరు చూస్తారు లెండి.

ప్రతి ఫంక్షనూ స్టేట్ తీసుకుని కొత్త స్టేట్ మాత్రమే ఇస్తుంటే పైపు (ఒక ఫంక్షన్ ఇచ్చినదాన్ని నేరుగా తర్వాతి ఫంక్షన్‌కి పంపే గుర్తు) చాలు. ఎలిక్సిర్, ఎల్మ్, ఎఫ్ షార్ప్ భాషలన్నిట్లో ఉంది, మధ్యలో పేర్లే ఉండవు కాబట్టి తప్పు పేరు పంపడం అనేదే ఉండదు. మార్పులు లిస్టుగా వస్తుంటే ఫోల్డ్ వాడొచ్చు, అది లిస్టులోని మార్పుల్ని ఒక్కొక్కటిగా స్టేట్ మీద చేసుకుంటూ పోతది.

తంటా అంతా ఫంక్షన్ కొత్త స్టేట్‌తో పాటు ఇంకో విలువ కూడా ఇచ్చినప్పుడే. ర్యాండమ్ నంబరే తీసుకోండి, నంబరూ కావాలి, తర్వాతి సీడూ (తర్వాతి నంబర్ పుట్టించడానికి మూలమైన విలువ) కావాలి, పొరపాటున పాత సీడే మళ్లీ పంపితే అదే నంబర్ మళ్లీ వస్తది. ఇక్కడ పైపు సరిపోదు, ప్రతిసారీ జంటని విప్పి సీడ్‌ని కిందికి పంపుకోవాలి. హాస్కెల్ అనే భాష‌లో స్టేట్ మోనాడ్ పనికొచ్చేది ఇక్కడే, ఆ పంపే పనంతా బైండ్ (స్టెప్పుల్ని కలిపే మోనాడ్ ఆపరేషన్) చూసుకుంటది, స్టెప్పుల్ని వరసగా రాసే డూ నొటేషన్‌లో రాస్తే మామూలు కోడ్ లాగే చదువుకోవచ్చు. కంప్యూటర్ శాస్త్రవేత్త యూజెనియో మొజ్జీ 1989లో మోనాడ్‌ల గురించి థియరీగా చెప్పినదాన్ని ఫిలిప్ వాడ్లర్ 1990ల్లో ప్రోగ్రామర్ల దారికి తెచ్చారు.

అలాగని అన్నీ ఒకే పెద్ద రికార్డులో (చాలా విలువల్ని కలిపి ఉంచే కట్టలో) కుక్కి స్టేట్ మోనాడ్‌లో పెట్టేస్తే ఏ ఫంక్షనైనా ఏదైనా మార్చేయొచ్చు, అప్పుడు గ్లోబల్ వేరియబుల్‌కీ దానికీ పెద్ద తేడా ఏముంది చెప్పండి.

వీలైతే ఈసారి ఆ ర్యాండమ్ నంబర్ ఉదాహరణనే ముందు సీడ్ చేత్తో పంపుతూ, పక్కనే స్టేట్ మోనాడ్‌తో రాసి, రెండు కోడ్‌లూ పక్కపక్కన ప్రింట్ చెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు