పశ్చిమ గోదావరి జిల్లా కలెక్టర్ గారికి ఒక మాజీ సైనికుడి కూతురు రాస్తున్న బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారాలు.

మా నాన్నగారు పోయి ఏడాది దాటింది. డెబ్బై ఎనిమిదో ఏట నిద్రలోనే వెళ్లిపోయారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర చిన్న పల్లె. ఆయన నల్ల ట్రంకు పెట్టె ఇంకా మంచం కిందే ఉంది. మూత మీద తెల్ల రంగుతో ఆర్మీ నంబరు, పేరు, కింద ఆయన హోదా ‘నాయక్’ అని ఉంటుంది. ఏటా సంక్రాంతి ముందు ఇంటికి సున్నం వేసేటప్పుడు ఆ అక్షరాలను కూడా సన్న కుంచెతో దిద్దుకునేవారు. ఈసారి మాలో ఎవరికీ చెయ్యి ఆడలేదు.

1965లో ఆయన మద్రాస్ సాపర్స్‌లో చేరారు. సాపర్లంటే సైన్యానికి వంతెనలు కట్టేవాళ్లు, దారులు వేసేవాళ్లు, శత్రువు పాతిన మైన్లు తీసేవాళ్లు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర ఉన్నారు. 21 ఏళ్ల అరుణ్ ఖేత్రపాల్ ట్యాంకులో పోరాడుతూ ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందింది ఆ పోరులోనే. మన ట్యాంకులకు ఆ మైన్ల మధ్య బాట చేసింది సాపర్లు. పని పూర్తికాక ముందే ట్యాంకులు దూసుకెళ్లాల్సి వచ్చింది. ఆ రాత్రి నేల మీద బోర్లా పడుకుని మైన్లు వెతికినవాళ్లలో మా నాన్నగారొకరు.

ఈ సంగతి మాకు చాలా ఏళ్లు తెలియదు. నేను ఆరో తరగతిలో ఉండగా నూర్పిళ్లప్పుడు కళ్లంలో అమ్మ ముక్కుపుడక పడిపోయింది. తలా ఒక పక్కన గడ్డి ఎగదోస్తుంటే నాన్నగారు “ఎవరూ అడుగు కదపకండి” అని ఒక్క కేక వేశారు. పురికొస తెచ్చి కళ్లాన్ని జానెడేసి వెడల్పు బాటలుగా విడదీశారు. మోకాళ్ల మీద కూర్చుని, వేళ్ల కొసలతో నేలను తడుముతూ ఒక బాట అయ్యాక ఇంకో బాట. తొందర లేదు, విసుగు లేదు. పొద్దుగూకే వేళకు ముక్కుపుడక దొరికింది. ఆ రాత్రి అన్నం తింటూ చెప్పారు, బసంతర్ దగ్గర చలికి వేళ్లు మొద్దుబారిపోయాయని, మైను తగిలినా వేళ్లకు తెలియదేమోనన్నదే తన భయమని. ఆ తర్వాత మేం ఎంత అడిగినా ఆ మాట ఎత్తలేదు.

1982లో పింఛనుతో ఇంటికొచ్చారు. ఆ డబ్బుతో ముగ్గురు పిల్లలు పెరగరు. రెండేళ్లకు గూడెంలో ఒక బ్యాంకులో తుపాకీ గార్డుగా చేరి అరవై నిండేదాకా చేశారు. తెల్లవారుజామున నాలుగింటికి కౌలు చేలో నీళ్లు కట్టి, వచ్చి స్నానం చేసి, ఖాకీ బట్టలకు ఇస్త్రీ చేసుకుని సైకిలెక్కేవారు. మా బడి బూట్లకు పాలిష్ కూడా ఆయనే వేసేవారు. అక్క నర్సయింది, తమ్ముడు ఐటీఐ చదివాడు, నేను టీచర్నయ్యాను. మా ముగ్గురి ఫీజుల రసీదులు ఆయన మెడల్స్‌తో పాటు అదే పెట్టెలో, ఏడాదివారీగా దారం కట్టి ఉన్నాయి.

ఇక మీకు ఈ లేఖ రాయడానికి కారణం. 1972లో పెళ్లయి, సెలవు ముగించుకుని వెళ్లాక, భార్య పేరు అడిగితే నాన్నగారు తను పిలుచుకునే పేరే చెప్పారు. బుజ్జమ్మ. సర్వీసు పుస్తకంలో అదే పడింది, పీపీవోలో, అంటే పింఛను ఉత్తర్వులో, అదే ఉంది. ఆధార్‌లో, బ్యాంకు పాసుపుస్తకంలో అమ్మ పేరు సుబ్బలక్ష్మి. ఆ ముద్దుపేరు వల్ల ఇవాళ కుటుంబ పింఛను ఆగిపోయింది. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ రాయను గానీ, ఒక కౌంటరు దగ్గర మా అమ్మను “ఆ బుజ్జమ్మ మీరేనని రుజువేంటి?” అని అడిగారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. యాభై ఏళ్లకు పైగా ఆయనతో కాపురం చేసింది. ఏమీ అనలేక నా వైపు చూసింది. ఇప్పటికి మూడు అఫిడవిట్లు అయ్యాయి. ఏదీ సరిపోలేదు.

మన జిల్లాలోనే మిలటరీ మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. అక్కడైతే అరుగు మీద కూర్చున్న ఏ పెద్దాయన్ని అడిగినా ఏ కాగితం ఎక్కడివ్వాలో చెబుతారు. మా ఊళ్లో సైన్యానికి వెళ్లింది నాన్నగారొక్కరే. ఆయన పోయాక అడగడానికి మాకు మనిషి లేడు. ఊరికొక్కరుగా ఉన్న ఇలాంటివాళ్లు జిల్లాలో ఇంకా ఉంటారు. 1971లో పోరాడినవాళ్లలో అందరికంటే చిన్నవారికి కూడా ఇప్పుడు డెబ్బై దాటాయి.

జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షులు మీరే కాబట్టి అడుగుతున్నాను. డెబ్బై దాటిన మాజీ సైనికుల్ని భార్యతో సహా వాళ్ల ఊరి సచివాలయానికి పిలిపించండి. సర్వీసు పుస్తకం, పీపీవో, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి చదవమనండి. పేరు గానీ పుట్టిన తేదీ గానీ తేడా ఉంటే, ఆ పెద్దాయన చేత సంతకం పెట్టించి అప్పుడే సవరణకు పంపించండి. రేపు తను లేకపోతే భార్య ఎక్కడికి వెళ్లాలో, ఏమేం తీసుకెళ్లాలో తెలుగులో ఒక కాగితం రాసి ఆమె చేతికివ్వండి. నాన్నగారు బతికుండగా ఎవరైనా ఒక్కసారి ఆ పుస్తకం తెరిపించి ఉంటే, “బుజ్జమ్మంటే ఈవిడేనండీ” అని ఆయనే చెప్పి ఉండేవారు.

డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి మీ దగ్గర సభ జరుగుతుంది. ఈ ఏడు ఆ రోజే మొదలుపెట్టించగలిగితే సంతోషిస్తాం. సన్మానం, శాలువా మాకు వద్దు. అమ్మ కాగితాలన్నీ వరసగా సర్ది ఆ ట్రంకు పెట్టెలోనే ఉంచాం. ఎప్పుడు రమ్మంటే అప్పుడు అమ్మను వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
నాయక్ గారి రెండో అమ్మాయి,
తాడేపల్లిగూడెం మండలం