వాల్యుయేషన్ నివేదిక ఇల్లు కొనేవారికీ ఇవ్వాలి

సంపాదకులకు,

గృహరుణం తీసుకునే కుటుంబాలు చాలా బ్యాంకుల్లో ప్రాసెసింగ్ ఫీజుతో పాటు వాల్యుయేషన్‌కూ (ఇంటి విలువ కట్టించడానికి), లీగల్ ఒపీనియన్‌కూ (ఆస్తి పత్రాలపై లాయర్ అభిప్రాయానికి) విడిగా డబ్బు కడతాయి. ఆ డబ్బుతో తయారైన వాల్యుయేషన్ నివేదిక మాత్రం బ్యాంకు ఫైలులోనే ఉండిపోతుంది. అడిగితే ‘అది మా అంతర్గత పత్రం’ అన్న జవాబే తరచుగా వస్తుంది. ఈ పద్ధతి మారాలి.

బ్యాంకు ప్యానెల్‌లోని వాల్యుయర్ ఫ్లాటుకు వచ్చి గదుల కొలతలు తీసుకుంటారు, హద్దులను దస్తావేజుతో సరిచూస్తారు, మంజూరైన ప్లానుకూ కట్టినదానికీ తేడా ఉందేమో గమనిస్తారు, ఫొటోలు తీసి, ఆ వీధిలో చదరపు అడుగు ఎంత పలుకుతోందో వాకబు చేసుకుని వెళ్తారు. బాత్రూం స్లాబు కింద చెమ్మ దిగుతోందా, సెల్లార్ పిల్లర్లలో కాంక్రీటు సరిగా కూరుకోక కంకర బయటపడి ఉందా, డాబాపై వాటర్‌ప్రూఫింగ్ చేశారా లేదా అన్నవి సాధారణంగా ఆ పరిశీలనలోకి రావు. రుణం మొండిబకాయి అయితే ఆ ఇంటిని అమ్మి బాకీ రాబట్టుకోగలమా అన్నదే బ్యాంకుకు కావలసినది, అది న్యాయమే. అయితే ‘బ్యాంకువాళ్లు అన్నీ చూశాకే లోన్ ఇచ్చారు’ అన్న ధీమాతో జీవితకాలపు పొదుపు పెట్టేవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. తొలి వానాకాలంలో గోడ పుట్టీ ఉబ్బి పెచ్చులుగా రాలినప్పుడు గానీ బ్యాంకు చూసింది వేరు, తమకు కావలసింది వేరు అని వారికి తెలియడం లేదు.

విలువ తగ్గినప్పుడు కూడా కారణం తెలియాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న గృహరుణం ఇంటి విలువలో 80 శాతానికి మించకూడదు. 60 లక్షలకు బేరమైన ఫ్లాటుకు వాల్యుయర్ 54 లక్షలే కడితే, 48 లక్షలు వస్తాయనుకున్న రుణం 43 లక్షల 20 వేలకు పడిపోతుంది. అప్పటికే బయానా ఇచ్చి, అగ్రిమెంటు గడువు దగ్గరపడిన కుటుంబం మిగిలిన 4 లక్షల 80 వేలను వ్యక్తిగత రుణంగానో చేబదులుగానో తెచ్చుకోవలసి వస్తుంది. విలువ తగ్గడానికి కారణం ప్లాను అతిక్రమణా, విస్తీర్ణంలో తేడానా, బిల్డర్ చెప్పిన ధరే ఎక్కువా అన్నది తెలిస్తే వారు బేరమైనా ఆడగలరు, లేదా కొనుగోలే మానుకోగలరు.

కట్టడం నాణ్యతకు మనకు చట్టం లేకపోలేదు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే 30 రోజుల్లోగా బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలి. కానీ ఆ హామీ వెనుక బీమా ఏదీ లేకపోతే, బిల్డర్ చేతులెత్తేసిన నాడు కొన్నవారికి ఫిర్యాదు చేసుకోవడమే మిగులుతుంది. బ్రిటన్‌లో కొత్త ఇంటికి సాధారణంగా 10 ఏళ్ల వారంటీ వస్తుంది. అందులో మొదటి 2 ఏళ్లు బిల్డర్ బాధ్యత, ఆ తర్వాత పెద్ద నిర్మాణ లోపాలకు బీమా రక్షణ. ఇలాంటి వారంటీ గానీ, అందుకు సమానమైన ధ్రువీకరణ గానీ లేని కొత్త ఇంటికి అక్కడి రుణదాతలు ఎక్కువమంది అప్పు ఇవ్వరు. అందువల్ల వారంటీ లేని ఇంటిని అమ్ముకోవడం బిల్డర్‌కే కష్టమవుతుంది. మన బ్యాంకులు కూడా చివరి విడత రుణం విడుదల చేసే ముందు బిల్డర్ నుంచి లిఖితపూర్వక లోప బాధ్యత పత్రాన్ని, వీలైతే దానికి బీమాను కోరవచ్చు. వాల్యుయేషన్ నివేదిక ప్రతిని సాంక్షన్ లెటర్‌తో (రుణ మంజూరు పత్రంతో) పాటే దరఖాస్తుదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించాలి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ టర్మ్ రుణాలన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (రుణం వడ్డీ, ఖర్చులు, షరతులు ఒకేచోట చెప్పే పత్రం) తప్పనిసరి చేసిన సంస్థకు ఇది పెద్ద పని కాదు.

ఇక రాష్ట్ర ప్రభుత్వాలు చేయవలసినది ఒకటి ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, మించకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన పట్టణాల్లో మధ్యతరగతి కొనుక్కునే చిన్న అపార్టుమెంట్లలో చాలా భాగం ఈ మినహాయింపులోకే వస్తాయి. ఈ పరిమితిని తగ్గించుకునే అధికారం చట్టంలోని 3వ సెక్షనే ప్రభుత్వాలకు ఇచ్చింది కనుక, తెలుగు రాష్ట్రాలు రెండూ దాన్ని వెంటనే వినియోగించాలని కోరుతున్నాను.

– ఒక గృహరుణ ఖాతాదారు, విజయవాడ