మా అద్దెలోంచి మీ జి.ఎస్.టి. కోయకండి

బెంగళూరు,
8 డిసెంబర్ 2025.

ప్రాపర్టీ విభాగం మేనేజర్ గారికి,
కొరియర్ కంపెనీ రీజినల్ ఆఫీసు, బెంగళూరు.

విషయం: మారతహళ్ళి డెలివరీ హబ్ అద్దెలో కోత, కరెంటు బోర్డు ప్రమాదం గురించి.

అయ్యా,

మారతహళ్ళిలో మీ హబ్ నడుస్తున్న బిల్డింగ్ యజమానిని. మీరు చిత్తూరు వైపువారని మీ హబ్ ఇన్‌చార్జి చెప్పాడు, అందుకే తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో పెట్టిన మెయిళ్లకు టికెట్ నంబరు తప్ప జవాబు రావడం లేదు.

అగ్రిమెంటు ప్రకారం అద్దె నెలకు 75,000 రూపాయలు. 10 శాతం టి.డి.ఎస్. (నా ఆదాయపన్ను కింద మీరు ముందే కోసి కట్టేది) పోగా 67,500 నా అకౌంటులో పడాలి. మొదట్లో అలాగే పడేది. ఈ ఏప్రిల్ నుంచి 57,203 మాత్రమే వస్తోంది. ఎందుకని అడిగితే మీ అకౌంట్స్ వాళ్లు ఒక లెక్క పంపారు. 75,000లో 18 శాతం జి.ఎస్.టి. కలిసే ఉందట, కాబట్టి అసలు అద్దె 63,559, పన్ను 11,441 అట. ఆ పన్ను పక్కన పెట్టి, మిగిలినదాని మీద టి.డి.ఎస్. కోసి పంపుతున్నారు.

ఈ లెక్క మొదలే తప్పు. అగ్రిమెంటులో అద్దె పేరా మీరే ఒకసారి తీసి చూడండి. 'వర్తించే జి.ఎస్.టి. అద్దెకు అదనం' అని ఉంది, కింద మీ కంపెనీ స్టాంపు ఉంది. ఏడాదికి నాకు ఈ బిల్డింగ్ మీద వచ్చేది 9 లక్షలు. సేవలకు 20 లక్షలు దాటితేనే జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ కావాలి కాబట్టి నాకు అది లేదు. 2024 అక్టోబర్ 10 నుంచి వచ్చిన రూలు ఏమిటంటే, రిజిస్ట్రేషన్ లేని యజమాని దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ షాపో గోడౌనో అద్దెకు తీసుకుంటే, ఆ 18 శాతం కంపెనీయే రివర్స్ చార్జ్ కింద సర్కారుకు కట్టాలి. అంటే నాకు ఇచ్చే 75,000 నాకు ఇచ్చి, దాని మీద 13,500 మీరు విడిగా కట్టాలి. పైగా అలా కట్టిన పన్నును మీరు కస్టమర్ల దగ్గర వసూలు చేసే జి.ఎస్.టి.లో ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకోవచ్చు. మీకు చివరికి నష్టమేమీ లేని పన్నును నా అద్దెలోంచి కోసి, దాని క్రెడిట్ కూడా మీరే తీసుకుంటుంటే, అత్త సొమ్ము అల్లుడి దానం అన్నట్టుగా లేదా?

ఇది చాలదన్నట్టు, జి.ఎస్.టి. ఇన్‌వాయిస్ పంపలేదని అక్టోబర్ అద్దె ఆపారు. రిజిస్ట్రేషన్ లేనివాణ్ణి ఆ ఇన్‌వాయిస్ ఎక్కడినుంచి తేను? రివర్స్ చార్జ్‌లో సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసుకోవాల్సింది మీరే. మా ఆడిటర్ ఫోన్ చేసి చెబితే, అటువైపు అమ్మాయి "సిస్టమ్ ఒప్పుకోవట్లేదు సార్" అంది. ఆ అమ్మాయిని అని లాభం లేదు, సిస్టమ్‌లో నా పేరు పక్కన తప్పు కోడ్ పెట్టినవాళ్లు వేరే ఉంటారు.

జులై-సెప్టెంబర్ టి.డి.ఎస్. కోశారు గానీ, ఆ కోతకు సర్టిఫికెట్‌గా నవంబర్ 15 కల్లా రావలసిన ఫారం 16ఎ రాలేదు. నా పేరున జమైన పన్ను చూపించే 26ఎఎస్‌లో కూడా ఆ పద్దు లేదు.

ఇక కరెంటు సంగతి. డబ్బు ఆలస్యమైతే ఓర్చుకుంటాను, ఇది అలా కాదు. ఈ మీటరుకు కరెంటు కంపెనీ బెస్కాం ఇచ్చిన లోడు 5 కిలోవాట్లు. అది పార్సిళ్లు సర్దుకునే హబ్‌కు, నాలుగు ఫ్యాన్లకు, కంప్యూటర్లకు సరిపోతుందని తీసుకున్నది. ఇప్పుడు రాత్రిళ్లు మీ రైడర్ల ఎలక్ట్రిక్ స్కూటర్లన్నీ అక్కడే చార్జ్ అవుతున్నాయి. కిటికీ గ్రిల్‌లోంచి ఎక్స్‌టెన్షన్ వైర్లు లాగి గేటు దాకా పరిచారు. వానొస్తే అవి నీళ్లలోనే. లోడు దాటినందుకు బిల్లులో పెనాల్టీ పడుతోంది, అది మీరు కడుతున్నారు, సరే. కానీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే 16 ఆంప్స్ ఎం.సి.బి. తీసేసి 32 ఆంప్స్‌ది బిగించారు. లోపలి వైరు మాత్రం పాత 2.5 ఎం.ఎం.దే. మా ఎలక్ట్రీషియన్ బోర్డు మూత తీసి చూపించాడు, వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి, వేలితో తాకితే పెచ్చులూడింది. ఇక ఎం.సి.బి. పడదు, వైరే కాలుతుంది అన్నాడు. పై అంతస్తులో రెండు కుటుంబాలున్నాయి, కింద మీ అట్టపెట్టెల గుట్టలున్నాయి. రైడర్ కుర్రాళ్లను తప్పుపట్టడం లేదు. రోజంతా తిరిగొచ్చిన బండికి చార్జింగ్ కావాలి. ఆ ఏర్పాటు చేయాల్సింది కంపెనీ.

తపాలా శాఖకు బిల్డింగ్ ఇచ్చిన బంధువులు మాకున్నారు. అక్కడ అద్దె ఎంతన్నది ఫెయిర్ రెంట్ కమిటీ తేలుస్తుంది, బయటి రేటు రాదని వాళ్ల గొణుగుడు. అయినా ఆ అంకె ముందే తెలుస్తుంది, ఇష్టమైతేనే సంతకం పెడతాం. మీరు ఒప్పుకున్న అంకెను సంతకమయ్యాక మార్చారు.

ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా, అక్టోబర్ పోను, అద్దెలో తగ్గించింది 80,087 రూపాయలు, ఆపిన అక్టోబర్ అద్దె 75,000. వాటి మీద కోయాల్సిన టి.డి.ఎస్. కోసుకుని మిగతాది ఈ నెలాఖరుకల్లా వేయండి. డిసెంబర్ నుంచి పూర్తి అద్దె రావాలి. ఫారం 16ఎ పంపండి. చార్జింగ్ మాత్రం ఈ ఉత్తరం అందిన రోజే ఆపించండి. బెస్కాంలో లోడు పెంచుకుని వేరే వైరింగ్ వేయించుకుంటామంటే యజమానిగా ఎక్కడ సంతకం కావాలన్నా పెడతాను, ఖర్చు మాత్రం మీదే. నెలాఖరు దాటితే తర్వాతి ఉత్తరం మా లాయరు నుంచి వస్తుంది.

అగ్రిమెంటు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు బోర్డు ఫోటోలు జతచేశాను. అందినట్టు రుజువు కావాలి కాబట్టి దీన్ని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, మీ కొరియర్‌లో కాదు. ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
బిల్డింగ్ యజమాని,
మారతహళ్ళి, బెంగళూరు.