స్కాలర్‌షిప్ పోను కట్టేదెంతో ముందే చెప్పించండి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ చదువుల పేజీలో ప్రైవేటు యూనివర్సిటీల స్కాలర్‌షిప్‌ల మీద వేసిన వ్యాసం చదివాను. మార్కులున్న పిల్లలకు ఫీజు అసలు లెక్కే కాదన్నట్టు రాశారు. రాసినవారింట్లో ఈ ఏడు బీటెక్‌లో చేరేవాళ్లు ఎవరూ లేనట్టుంది.

మా తమ్ముడి కూతురికి హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ 25 శాతం స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఫోన్ చేసిన కౌన్సెలర్ అమ్మాయి ‘కంగ్రాట్స్ అంకుల్, ఈరోజే సీటు బ్లాక్ చేసుకోండి’ అందే గానీ, ఆ 25 శాతం దేనిమీదో చెప్పలేదు. తీరా చూస్తే ట్యూషన్ ఫీజు మీద మాత్రమే. 3,20,000 కాస్తా 2,40,000 అయింది, సంతోషం. హాస్టల్, మెస్ కలిపి 1,45,000. మామూలు గదులు నిండిపోయాయట, ఏసీవే ఉన్నాయట. అడ్మిషన్ ఫీజు, కాషన్ డిపాజిట్, పరీక్ష ఫీజు, ‘స్కిల్ డెవలప్‌మెంట్’, బ్లేజర్ అంటూ ఇంకో 65,000. వెరసి మొదటి ఏడాదికి 4,50,000. స్కాలర్‌షిప్ వచ్చిన పిల్ల కట్టేది ఇది! రెండో ఏడాదీ ఆ రాయితీ ఉండాలంటే సీజీపీఏ (పదికి లెక్కగట్టే సగటు గ్రేడు) 8.5కి తగ్గకూడదని ఆఫర్ లెటర్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

సర్కారు ఆదుకుంటుందా అంటే, తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రైవేటు యూనివర్సిటీలకు వర్తించదు. మామూలు కాలేజీల్లో కూడా ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో 10 వేల లోపు ర్యాంకు రాని బీసీ పిల్లలకు ఏళ్లుగా ఇచ్చేది ఏడాదికి 35 వేలే. సర్కారు నుంచి ఆ బకాయిలు రాలేదని కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాయి. ఒరిజినల్స్ ఉంచుకోకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే చెప్పింది. ఎవరు విన్నారు? బ్యాంకు లోనంటారా, 4 లక్షల దాకా తనఖా అక్కర్లేదని రూలు. మా ఊళ్లో మేనేజరు గారు మొదట అడిగిందే ఇంటి కాగితాలు. కేంద్రం చదువు రుణాల పథకం పీఎం విద్యాలక్ష్మి కింద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, కానీ అది ఎంపిక చేసిన సంస్థలకే. ఈ యూనివర్సిటీ ఆ జాబితాలో లేదు.

తెలంగాణ ప్రైవేటు యూనివర్సిటీల 2018 చట్టంలో స్థానికులకు 25 శాతం సీట్లని రాసుకున్నారు. సీట్లు సరే, ఫీజు ఎంతుండాలో చెప్పే నాథుడు లేడు. ఫీజుల నియంత్రణ కమిటీ మాకు సంబంధం లేదంటుంది. మంత్రులు మాత్రం కొత్త బ్లాకుల ప్రారంభోత్సవాలకు రిబ్బన్లు కత్తిరించి వస్తారు. మన సర్కారు యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి ప్రొఫెసర్ పోస్టులు ఖాళీగా ఉంటే అడిగేవాళ్లు లేరు. పేదల పిల్లలు ఇంకెక్కడికి పోతారు?

మీకూ ఒక మాట. వేసవి వస్తే మొదటి పేజీ నిండా ఈ యూనివర్సిటీల ప్రకటనలే. ‘వంద శాతం వరకు స్కాలర్‌షిప్’ అనేది అరచేతి మందం అక్షరాల్లో వేస్తున్నారు. ఆ ‘వరకు’లో ఎంతమంది ఉన్నారో కూడా అడిగి వేయండి. స్కాలర్‌షిప్ పోను హాస్టల్‌తో సహా నాలుగేళ్లకు కట్టాల్సిన మొత్తం ప్రకటనలోనే ఉండాలని ఉన్నత విద్యామండలి ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, దానికి కోట్ల బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.

- ఒక పాఠకుడు, సూర్యాపేట