ఎలిఫెంటాకు ముప్పావుగంట సరిపోతుందా?

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు రోజుల్లో ముంబయి ఎలా చుట్టేయాలో చెబుతూ మీ ఆదివారం సంచికలో ఒక వ్యాసం వేశారు. అందులో ఎలిఫెంటా గుహల గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, అదీ పడవ ప్రయాణం సరదాగా ఉంటుందని! చాలా ఏళ్లుగా ముంబయిలో ఉంటున్నవాణ్ని, మా ఇంటికి కరీంనగర్ నుంచీ గుంటూరు నుంచీ చుట్టాలు వస్తూనే ఉంటారు. టూర్‌లో వచ్చినవాళ్ల దగ్గర ఒక కాగితం ఉంటుంది. పొద్దున ఎలిఫెంటా, మధ్యాహ్నం సిద్ధివినాయక, సాయంత్రం జుహూ బీచ్, అన్నీ ఒకే రోజు. ఇది కుదిరే పని కాదండీ.

లెక్క మీరే వేసుకోండి. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర లాంచీ ఎక్కితే ఈ గుహలున్న ఘారాపురి దీవి చేరడానికే దాదాపు గంట. దిగాక ఆ పొడవాటి జెట్టీ మీద నడవాలి, లేదా చిన్న టాయ్ ట్రైన్ ఎక్కాలి. ఆపైన 120 దాకా మెట్లు, మెట్లకు రెండు పక్కలా దుకాణాలు, మధ్యలో కోతులు (చేతిలో తినేది ఏదీ పట్టుకోకండి, కూల్‌డ్రింక్ సీసా కూడా వదలవు). తిరుగు ప్రయాణానికి మళ్లీ గంట. గ్రూపుతో వచ్చినవాళ్లకు గుహలో మిగిలేది ముప్పావుగంట, అందులో సగం సెల్ఫీలకే పోతుంది.

అక్కడున్నది ముప్పావుగంటలో చూసే సరుకు కాదు. పెద్ద గుహ మొత్తం నల్లరాతి కొండని లోపలికి తొలుచుకుంటూ పోయి చేసింది. స్తంభాలు, దూలాలు, శివలింగం ఉన్న గర్భగుడి, దాని నాలుగు గుమ్మాల దగ్గర నిలబడ్డ ద్వారపాలకులు, అన్నీ ఆ కొండలోంచి వచ్చినవే, బయటినుంచి తెచ్చి నిలబెట్టింది కాదు. ఎక్కువమంది చరిత్రకారులు 6వ శతాబ్దం నాటిదని, కలచురి రాజుల కాలమని అంటారు. 1987లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అందరూ నేరుగా వెళ్లి నిలబడేది 18 అడుగులకు పైనే ఉన్న మూడు తలల విగ్రహం ముందు. గైడ్లు బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు అని చెప్పేసి ముందుకు నడిపిస్తారు. కానీ పండితులు ఎక్కువగా చెప్పేది ఇది సదాశివుడని, మూడు ముఖాలూ శివుడివేనని. మధ్యలో శాంతంగా కళ్లు దించుకున్నది తత్పురుషం, మనకు ఎడమవైపు మీసాలతో ఉగ్రంగా ఉన్నది అఘోరం, కుడివైపు ఆడతనం ఉట్టిపడే సుకుమారమైన ముఖం వామదేవం. ఈ మాట తెలిసి చూడటం వేరు, తెలియక ఫొటో దిగడం వేరు. ఆ విగ్రహానికి ఒక పక్క అర్ధనారీశ్వరుడు, ఇంకో పక్క గంగాధరుడు. గంగాధరుడి తలమీద గంగని మూడు తలలతో చెక్కారు, తల ఎత్తి చూస్తే తప్ప కనపడదు, చాలామంది ఎత్తరు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది శివపార్వతుల పెళ్లి. పెళ్లింకా పూర్తి కాలేదు కాబట్టి పార్వతి శివుడికి కుడిపక్కన ఉంది. సిగ్గుతో తల కొంచెం వంచుకుని నిలబడితే వెనకనుంచి తండ్రి హిమవంతుడు ముందుకు నడిపిస్తున్నాడు (మన పెళ్లిళ్లలో ఆ పని మేనమామది), బ్రహ్మగారు పురోహితుడిగా అగ్నిహోత్రం దగ్గర కూర్చున్నారు. కాళ్లు విరిగిపోయినా ఆ సిగ్గు మాత్రం చెక్కుచెదరలేదు. సరిగ్గా దానికి ఎదురుగోడ మీద అదే శివుడు కోరలు బయటపెట్టి అంధకాసురుణ్ని పొడుస్తున్నాడు. కావాలనే ఎదురెదురుగా పెట్టారనిపిస్తుంది నాకు. ఇంకోచోట పార్వతితో పాచికలాడుతున్న శివుడికి ఎదురుగా కైలాసాన్ని ఎత్తబోతున్న రావణుడున్నాడు. అంటే ఒక బొమ్మ చూసి వెనక్కి తిరిగి రెండోది చూడాలి. తొందరలో ఉన్నవాడు వెనక్కి తిరగడు కదా.

విగ్రహాలు చాలావరకు నడుం కింద విరిగి ఉంటాయి. ఇది పోర్చుగీసు సైనికుల పనేనని, గుహలో తుపాకులు పేల్చారని చెబుతారు. ఇక్కడి శాసనం రాయిని కూడా పోర్చుగల్ పంపించారని, అక్కడ అది పోయిందని వాళ్ల చరిత్రకారుడే రాసిపెట్టాడు. అది ఉంటే ఎవరు కట్టించారో తేలిపోయేది, పాండవులు కట్టారనీ బాణాసురుడు కట్టాడనీ కథలు వినాల్సిన పని ఉండేది కాదు. వాళ్లని తిట్టుకోవడానికి మనకి నోరుంటుంది, కానీ వారసత్వ కట్టడంలో గుట్కా ఉమ్మేవాళ్లు, పేర్లు చెక్కేవాళ్లు పోర్చుగల్ నుంచి రావడం లేదు.

వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి. పొద్దున తొమ్మిదింటి ప్రాంతంలో బయల్దేరే మొదటి లాంచీల్లో వెళితే రద్దీ తక్కువ, ఎండా తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మెట్ల దగ్గర డోలీలు దొరుకుతాయి, బేరం ఎక్కకముందే ఖాయం చేసుకోండి. లాంచీలో లైఫ్‌జాకెట్ వేసుకోండి, ఉక్కపోస్తోందని విప్పకండి. 2024 డిసెంబర్ 18న ఎలిఫెంటా వెళ్తున్న లాంచీని నేవీ స్పీడ్‌బోటు ఢీకొట్టి 15 మంది చనిపోయారు. వానాకాలంలో సముద్రం బాగాలేకపోతే లాంచీలు ఆపేస్తారు, కాబట్టి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ ప్లాన్ పెట్టుకోకపోవడమే మేలు.

మీ పత్రికకి నా మనవి, పర్యాటక పేజీలో ఇలాంటి చోటు గురించి రాసినప్పుడు ఎంతసేపు పడుతుందో, లోపల ఏముందో రెండు పేరాలైనా ఇవ్వండి. సెలవు రోజు కూడా వేయండి. సోమవారం గుహలు మూసేస్తారు, ఆ సంగతి మీ వ్యాసంలో లేదు. హైదరాబాద్ నుంచి ఆదివారం రాత్రి రైలెక్కి సోమవారం పొద్దున దిగేవాళ్లు ఎంతమందో! అలా ఇరుక్కున్నవాళ్లు ముంబయిలోనే బైకుల్లా అనే పేటలో ఉన్న రాణీబాగ్ జూపార్కుకి వెళ్లండి. పోర్చుగీసువాళ్లు ఈ దీవికి ఎలిఫెంటా అని పేరు పెట్టడానికి కారణమైన రాతి ఏనుగు అక్కడి భావూ దాజీ లాడ్ మ్యూజియం ఆవరణలో, బయటే ఉంది. 1864లో ఇంగ్లండ్ తరలించాలని ఎత్తబోతే ముక్కలైంది, 1914లో మళ్లీ అతికించి నిలబెట్టారు. బుధవారం మాత్రం మ్యూజియానికి సెలవు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ముంబయి