రోడ్డు చివర ఓ తాటి దుంగ అడ్డం వేయండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. మొన్న ఫిబ్రవరిలో శ్రీకాకుళం జిల్లాలో ఓ బీచ్ మీదికి నేనే కారు దింపాను. ఊరి పేరు రాయను, తప్పు ఊరిది కాదు కాబట్టి. తారు రోడ్డు అయిపోయిన చోట అప్పటికే చక్రాల జాడలు ఇసుకలోకి వెళ్లి ఉన్నాయి. అంతమంది వెళ్లారు కదా, మనకేమవుతుందిలే అనుకున్నాను. యాభై గజాలు వెళ్లానో లేదో, వెనక చక్రాలు సగానికి కూరుకుపోయాయి.

పడవ నీడన వలలు బాగుచేసుకుంటున్న నలుగురు లేచి వచ్చారు. నెట్టమంటే వాళ్లలో పెద్దాయన నెట్టలేదు. కారు చుట్టూ ఓసారి తిరిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "ఇదేటో తెలుసా బాబూ? రాత్రి తాబేలెక్కిన జాడ" అన్నాడు. చూస్తే సన్నటి ట్రాక్టర్ టైరు అచ్చులా ఉంది. నీళ్ల దగ్గర్నుంచి పైకి వచ్చి, కాస్త పక్కనుంచి మళ్లీ నీళ్లలోకి దిగింది. ఆ పైకొసన ఇసుక తవ్వి కప్పెట్టినట్టు గుల్లగా ఉంది. దానికీ నా చక్రానికీ మధ్య మూరెడు దూరం ఉందేమో. "గుడ్లు ఇందులోనే ఉంటాయి. ముందుకు తొయ్యకండిరా, ఎనక్కే లాగండి" అని కుర్రాళ్లను అటు తిప్పాడు. పడవకు కట్టే తాడు తెచ్చి వెనక్కి లాగేసరికి ముప్పావుగంట పట్టింది.

ఆయన చెప్పిందీ, ఇంటికొచ్చాక నేను చదివిందీ కలిపి రాస్తున్నాను. ఇవి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. చలికాలం చివర్లో రాత్రిపూట ఒడ్డుకెక్కి, మూరెడు లోతు గొయ్యి తవ్వి, ఒక్కోటి వందకు అటూ ఇటూ గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో ఆ ఇసుక వేడికే పిల్లలవుతాయి. అవి సాధారణంగా రాత్రిపూట బయటికొచ్చి, వెలుతురున్న వైపు, అంటే సముద్రం వైపు పరుగెడతాయి. ఒడ్డున పెద్ద లైట్లుంటే ఊరి వైపు వచ్చేస్తాయి. బండి ఎక్కితే గూటి మీద ఇసుక గట్టిపడి కొన్ని పైకే రాలేవు. వచ్చినవాటికి మన టైరు జాడ ఓ కాలువ. అరచేతిలో పట్టే పిల్ల ఆ గట్టు ఎక్కలేక జాడ వెంటే పోతూ ఉంటుంది. ఈలోగా కుక్కలు, పీతలు, తెల్లారితే కాకులు. వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూల్ జీవి, అంటే పెద్దపులితో సమానం. పులి తిరిగే అడవిలోకి నా ఇష్టమొచ్చినట్టు కారు తోలుకుపోతానా?

అసలు మేం బయలుదేరింది సరదాకే. రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయని విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా. మా ఊళ్లో చుట్టాల పిల్లలకు కోట, గంటస్తంభం చూపిస్తుంటే "ఇక్కడ బండి పెట్టకూడదండీ" అని రెండు చోట్ల లేపారు, అదో టెన్షన్. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లకు పిల్లలు తోటకూర పెట్టారు. శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాల దగ్గర్నుంచి వంశధారను చూశాం, కళింగపట్నంలో అదే వంశధార సముద్రంలో కలవడం చూశాం. కూర్మనాథుడికి దణ్ణం పెట్టుకున్న మర్నాడే తాబేలు గూటి మీదికి కారు తోలినవాణ్ని నేను. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉంది.

నౌపడా ఉప్పు మడులు దాటి తేలినీలాపురం వెళ్లాక కళ్లు తెరుచుకున్నాయి. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, వాటి పిల్లలు. తల్లి గొంతు సంచిలోకి పిల్ల తల మొత్తం దూర్చి చేప లాక్కోవడం దగ్గర్నుంచి చూశాం. రెట్టల వాసన, రాత్రంతా గోల. అయినా ఊళ్లో ఎవరూ విసుక్కోరు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదంటారు. (సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు గానీ, ఈ మచ్చల ముక్కు గూడబాతు మన దక్షిణాసియాదే. పుట్టిల్లన్న మాటే నిజానికి దగ్గర.) అక్కడ చెట్టు కింద ఎవరైనా హారన్ కొడితే ఊరే అడుగుతుంది. తాబేలు మాత్రం రాత్రొచ్చి రాత్రే వెళ్లిపోతుంది. దాని తరఫున అడిగేవాళ్లు లేరు.

ట్రాలర్ల వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్ల సంగతి మరో ఉత్తరమవుతుంది. కార్లను ఆపడం మాత్రం చాలా తేలిక. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, కారు ఇసుకలోకి దిగగలిగేది రోడ్డు సముద్రం దాకా వెళ్లిన చోటే. అలాంటి ప్రతి రోడ్డు చివరా జనవరి నుంచి మే దాకా ఓ తాటి దుంగ అడ్డం వేయండి. ఎందుకు వేశారో తెలుగులో ఓ బోర్డు పెట్టండి. పడవలు లాగే ట్రాక్టర్లు వెళ్లాలి కదా అంటారు. నిజమే, దుంగ బదులు గొలుసు కట్టి తాళంచెవి మత్స్యకారుల పెద్దల దగ్గరే ఉంచండి. ఎవరి బండి ఎక్కడిదాకా వెళ్లాలో వాళ్లకు తెలిసినట్టు మాకు తెలియదు. రోడ్డు పక్కనే పార్కింగ్ పెట్టి బండికి ఇరవై రూపాయలు పంచాయతీ తీసుకున్నా ఎవరూ కాదనరు. ఆ డబ్బుతో రాత్రి కాపలాకు ఆ ఊరి కుర్రాళ్లనే పెట్టుకోవచ్చు. అటవీశాఖ వాళ్లు కొన్ని చోట్ల గుడ్లు ఏరి కంచెల్లో పొదిగిస్తున్నారు, మంచిదే. కానీ అన్ని గూళ్లూ వాళ్ల కంటపడవు కదా.

భోగాపురం విమానాశ్రయంతో ఇటు వచ్చే బళ్లు ఇంకా పెరుగుతాయి. రిసార్టులు, వాటి లైట్లు వచ్చాక అడ్డం వేయడం ఇప్పుడున్నంత సులువు కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లిద్దరూ వచ్చే సంక్రాంతి సెలవుల లోపే ఈ పని చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మొదటి దుంగ ఖర్చు నేనిస్తాను. ఏ ఊళ్లో వేయాలో కూడా నాకు తెలుసు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం